చేయి విడవని మంత్రులు

రోజారాణి మేడం బడిలో ప్రజల కన్నా మంత్రులే ఎక్కువ. నవ్వులాటకు అంటున్న మాట కాదు. వేములవాడకు పోయే పెద్ద రోడ్డు మీది నుంచి పక్కకు తిరిగితే వచ్చే ఎర్రగుంటపల్లెలో, ఆ ఏడాది ప్రాథమిక పాఠశాల పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెడితే రెండు చాపలు సరిపోయేవి. మూడో చాప పరిస్తే దాని మీద కొమురవ్వ వచ్చి కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేది. కొమురవ్వ బడిలో మధ్యాహ్నం బువ్వ వండే మనిషి. ఏటా వానలు పడగానే పిల్లల ఎన్నికలు పెట్టి కొత్త నాయకులను తయారు చెయ్యాలని పైనుంచి ఆదేశం వస్తుంది. ముఖ్యమంత్రి, నీళ్ల మంత్రి, బువ్వ మంత్రి, చీపురు మంత్రి, తోట మంత్రి. తోట లేదు, అయినా మంత్రి ఉండాలి. అందులో తప్పు పట్టడానికి మనమెవరం. పెద్ద పిల్లలకు పదవులు పంచాక ఏలడానికి మిగిలేది ఒకటో తరగతి చిన్నోళ్లు. వాళ్లు బువ్వ తినగానే నిద్రపోయేవాళ్లు. ప్రజలు అట్లా ఉంటే ఏ ప్రభుత్వానికైనా హాయే కనుక పేచీ లేకపోయింది.

ఇంత చిన్న రాజ్యాన్ని నిలబెట్టుకోవడమే రోజారాణికి మిగిలిన పెద్ద పని. ఇంతకుముందు ఆమె ఇచ్చోడ అవతల ఒక పల్లెలో పనిచేసింది. మొదటి ఉద్యోగం అక్కడే, జుట్టు నెరవడం మొదలైంది కూడా అక్కడే. పిల్లలు తగ్గి తగ్గి, చివరికి బడి మూసెయ్యమని చెప్పినప్పుడు తాళం వేసింది ఆమే. తర్వాత ఒకసారి అటు పెళ్లికి పోయి, మనసు ఊరుకోక బడి చూడబోతే ఒకటో తరగతి గదిలో మేకలు కట్టేసి ఉన్నాయి. గోడ మీద ఆమె రంగుతో రాసిన అచ్చులకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. బస్సు ఎక్కేదాకా ఓర్చుకుని, ఎక్కాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంకో బడికి తన చేత్తో తాళం వెయ్యకూడదు. ఆమెకున్న కోరిక అదొక్కటే.

కోరిక చిన్నదే, కాలం మాత్రం కలిసి రాలేదు. ఈ ఏడు కూడా పిల్లలు తగ్గితే ఎర్రగుంటపల్లె బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తామని మండలం మీటింగులో ముందే చెప్పేశారు. పక్క ఊరికి పోవాలంటే లారీలు తిరిగే రోడ్డు దాటాలి. ఒకటో తరగతి పిల్లను ఆ రోడ్డు మీదికి ఏ తల్లీ పంపదు. కాబట్టి కలపడమన్నా మూసెయ్యడమన్నా ఒకటే. మొదటి మాట వినడానికి కొంచెం మర్యాదగా ఉంటుంది. వేములవాడలో జిరాక్స్ దుకాణం నడిపే ఆమె భర్త సంపత్‌కు ఇదంతా అనవసరపు పరేషాన్‌గా కనిపించేది. నౌకరి పోదు కదా, ఇంకో బడికి వేస్తారు, ఇంటికి దగ్గరే రావచ్చు కూడా, ఎందుకీ ఫికర్ అనేవాడు. ఆయన లెక్క తప్పని ఆమె ఎప్పుడూ అనలేదు. పప్పు వడ్డించేది.

రోజారాణిది మందమర్రి. తండ్రి రాయమల్లు బొగ్గుబాయి పనివాడు. కార్మికుల కాలనీలో వాళ్ల ఇల్లు చివరిది, రాయమల్లు ఇల్లు చేరేది కూడా ఆ వరస మగవాళ్లందరి కంటే ఆలస్యంగా. తాగుడు అలవాటు లేదు, పేకాట లేదు. షిఫ్టు అయిపోయి పైకి వచ్చాక, తనతో కలిసి కిందికి దిగిన వాళ్లలో ఆఖరి మనిషి కూడా ఎక్కి వచ్చేదాకా బాయి దగ్గరే కూర్చుని బీడీ కాల్చుకోవడం ఆయన పద్ధతి. ఎవరూ చెయ్యమనలేదు. చేసినందుకు జీతం పెరగలేదు. చల్లారిన అన్నం ముందు పెట్టి భార్య రోజూ తిట్టేది, ఊరి పెద్దరికమంతా నీకే రాసిచ్చారా అని. రాయమల్లు ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు.

"కలిసి దిగినోళ్లం కలిసే ఎక్కాలె. ఒక్కడు కింద ఉండంగ నాకు బువ్వ దిగదు."

ఆ మాట వింటూ పెరిగిన ఆడపిల్ల పంతులమ్మ అయితే ఏం చేస్తుందో ఇక చూడండి.

ఆ జూలైలో కొత్త బాలనాయకుల శిక్షణ మీద టీచర్లకు మండలంలో తరగతి పెట్టారు. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక సారు జట్టు ఆటలు నేర్పించాడు. నేల మీద పేపరు పరిచి జట్టంతా దాని మీద నిలబడాలి, తర్వాత పేపరు సగానికి మడిచి మళ్లీ నిలబడాలి, అట్లా ఒకరినొకరు పట్టుకుని నిలబడటంలో నాయకత్వం పుడుతుంది. టీచర్లు నడుములు పట్టుకుని నిలబడ్డారు, ఇద్దరు పడ్డారు, నవ్వుకున్నారు, సమోసాలు తిని ఇళ్లకు పోయారు.

రోజారాణి మర్నాడే బడిలో పేపరు పరిచింది. ఎవరూ దాని మీద కాలు పెట్టలేదు. అక్షరం సరస్వతి, తొక్కితే చదువు రాదని ఆ పిల్లలకు నేర్పింది తనే. తోట మంత్రి వంగి పేపరు తీసి, కండ్లకు అద్దుకుని, మడతపెట్టి మేడం బల్ల మీద పెట్టాడు. బెలూన్ల ఆట పెడితే బెలూన్లు పోయి సర్కారు తుమ్మ ముండ్లకు తగిలి పేలిపోయాయి. చిన్నోడొకడు ఆ చప్పుడుకు జడుసుకుని ఏడుపు అందుకున్నాడు. జట్టు స్ఫూర్తి అంతటితో ఆగింది.

అప్పుడు ఆమె తన సొంత ఆట ఒకటి పెట్టింది. బొగ్గుబాయిలోకి దిగే చీకటి సంగతి చెప్పి నేర్పింది కాబట్టి పిల్లలు దానికి బాయి ఆట అని పేరు పెట్టుకున్నారు. పిల్లలందరూ వరుసగా చేతులు పట్టుకోవాలి. మొదటివాళ్లు తప్ప అందరూ కండ్లు మూసుకోవాలి. మాట్లాడకూడదు. వరండా మెట్లు దిగి, వేపచెట్టు చుట్టి, బోరింగు గద్దె ఎక్కి దిగి, మరుగుదొడ్ల వెనుక సందులోంచి వచ్చి మళ్లీ వరండా ఎక్కాలి. ఎక్కడ ఏ రెండు చేతులు విడిపోయినా అందరూ మొదటికి రావాలి. ఒక్కరు చేరకపోయినా ఎవరూ చేరనట్టే. ఇంకో సంగతి, నాయకుడు ముందు నడవడు. ఆఖరున వస్తాడు.

ముఖ్యమంత్రిగా గెలిచిన ప్రవళికకు ఈ ఆఖరి సంగతి అస్సలు నచ్చలేదు. ఐదో తరగతి పిల్ల, కొమురవ్వ మనవరాలు. తండ్రి అంతయ్య దుబాయిలో ఉంటాడు. నోరు మంచిది, గొంతు పెద్దది, ప్రార్థన చెప్తే రోడ్డు దాకా వినబడుతుంది. ముఖ్యమంత్రి తోక పట్టుకుని నడవడమేమిటని మొదటిరోజు మూతి ముడిచింది. రెండోరోజు అసలు సమస్య బయటపడింది. ఆ సమస్య పేరు సృజన.

సృజన ఆ ఏడే వచ్చిన పిల్ల. తండ్రి నాగరాజు మహారాష్ట్రలో, భివండిలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేసేవాడు. అక్కడ పని దెబ్బతిని, పెండ్లాం పిల్లలతో అత్తగారి ఊరు చేరి, ఇప్పుడు సిరిసిల్లలో సాంచెల పనికి పోయి వస్తున్నాడు. పిల్లకు వయసు ఐదో తరగతి దాటింది, అక్షరాలు మాత్రం మరాఠీవి. పలక ఇస్తే తన పేరు మరాఠీలో గుండ్రంగా రాసి చూపించేది. తెలుగు మాట్లాడుతుంది కానీ మధ్యలో హిందీ దొర్లుతుంది. పిల్లలు నవ్వుతారు, ఆమె నోరు మూసుకుంటుంది. అట్లా నోరు మూసుకోవడం అలవాటైన పిల్ల ఆటలో ఎక్కడ మలుపు వచ్చినా ఆగిపోయేది. ముందువాళ్ల చెయ్యి జారేది. అందరూ మొదటికి రావాల్సి వచ్చేది. మూడుసార్లు అట్లా జరిగాక, సృజనను తీసేసి ఆడతామని ప్రవళిక అందరి తరఫునా వచ్చి అడిగింది.

"తీసేసుడు లేదు బిడ్డా. కలిసి దిగిండ్రు, కలిసే ఎక్కాలె" అంది రోజారాణి. అన్నాక తండ్రి గొంతు తన నోట్లోంచి వచ్చినందుకు తనే కొంచెం తడబడింది.

పిల్లలు గొణిగారు. అయినా ఆట మానలేదు, ఎందుకంటే గెలవాలని ఉంది. ప్రవళికే దారి కనిపెట్టింది. మాట్లాడకూడదని ఉంది కానీ చెయ్యి నొక్కకూడదని లేదు కదా. ఒకసారి నొక్కితే ఎడమకు, రెండుసార్లు నొక్కితే కుడికి, గట్టిగా పట్టుకుంటే మెట్టు ఉందని. అది ముందునుంచి వెనక్కి చేతుల గుండా పాకేది. సృజనను తన పక్కనే, ఆఖరి నుంచి రెండో చోట పెట్టుకుంది. ఒక వాన మబ్బు పట్టిన మధ్యాహ్నం వరుస అంతా సందు దాటి, బురద దాటి, ఒక్క చెయ్యి జారకుండా వరండా ఎక్కింది. కండ్లు తెరిచి అందరూ సృజనను చూశారు. ఆ పిల్ల నవ్వింది. బడికి వచ్చిన ఇన్నాళ్లలో దాని పండ్లు కనబడటం అదే మొదలు. కొమురవ్వ గంటె పట్టుకునే వచ్చి చూసి, మీ ఆట పాడుగాను, అన్నం మాడుతుందని నవ్వుకుంటూ లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి పిల్లలు మారారు. నీళ్ల మంత్రి చిన్నోళ్ల సీసాలు నింపేదాకా తను తాగేవాడు కాదు. బువ్వ మంత్రి అందరికీ గుడ్డు అందిందో లేదో చూసుకునేది. ప్రవళిక, సృజన ఒకే పలక పట్టుకుని కూర్చునేవాళ్లు, ఒకరు తెలుగు అక్షరం రాస్తే ఇంకొకరు దాని పక్కన మరాఠీది రాసేవాళ్లు. నిజం చెప్పాలంటే రోజారాణి ఉద్యోగంలో ఇంత సంతోషంగా గడిచిన రోజులు లేవు.

కానీ ఆమె ఆటలో ఆట ఒక్కటే లేదు. మనసులో ఒక లెక్క ఉంది. భర్తకు కూడా చెప్పని లెక్క. ఇన్నేండ్లుగా ఆమె చూస్తున్నది ఏమిటంటే, పిల్లలు ఒక్కసారిగా పోరు. ముందు ఒక చురుకైన పిల్ల పోతుంది, దాన్ని చూసి ఇంకో తల్లికి ఉడుకు పుడుతుంది, ఒక్కొక్కరే ప్రైవేటు బడి వ్యాను ఎక్కుతారు. మరి పిల్లలే ఒకరినొకరు పట్టుకుంటే? ఒక్కరు పోతామంటే మిగతావాళ్లు చెయ్యి విడవకపోతే? పెద్దలకు చెప్పి చెప్పి విసిగింది, వాళ్లు వినరు; పిల్లలు ఏడిస్తే వింటారు. నాయకత్వ శిక్షణ పేరుతో ఆమె బడి చుట్టూ పిల్లలతోనే కంచె వేసింది. ఇందులో చెడ్డ బుద్ధి ఏమీ లేదు. తెలివి మాత్రం కొంచెం ఎక్కువైంది.

మంత్రుల ప్రమాణం రోజున ఊరివాళ్లను పిలిచింది. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. ప్రవళిక మైకు లేకుండా మాట్లాడింది. మా బడిలో ఎవ్వరినీ వెనుక విడిచిపెట్టం, అందుకే ముఖ్యమంత్రి ఆఖరున నడుస్తది అని చెప్పింది. చప్పట్లు కొట్టారు. కొమురవ్వ కోడలు ఆ మాటలన్నీ ఫోనులో పట్టి దుబాయికి పంపింది. ఆ రాత్రి డ్యూటీ దిగి అంతయ్య వీడియో చూశాడు. నాలుగుసార్లు చూశాడో పదిసార్లు చూశాడో, తోటివాళ్లకు చూపించి గర్వపడ్డాడు. గర్వపడ్డవాడు ఊరుకోవచ్చు కదా. ఇంత మంచిగా మాట్లాడే బిడ్డను సర్కారు బడిలో కూర్చోబెట్టి ఆగం చేస్తున్నారని ఇంటికి ఫోను చేసి తల్లిని, పెండ్లాన్ని ఇద్దరినీ కలిపి తిట్టాడు. పిల్లను వేములవాడలో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు బడిలో వెయ్యమన్నాడు.

ఈ సంగతి కొమురవ్వే వచ్చి చెప్పింది, పొయ్యి ముందు కూర్చుని, మేడం మొహం చూడకుండా. మనవరాలు పోతే తన వంట పని కూడా ఎన్నాళ్లో ఉండదని ఆమెకు తెలుసు. కానీ ఎండలో ఇటుకలు మోసి పైసలు పంపించే కొడుకు మాటకు ఎదురు చెప్పే తల్లి ఏ ఊర్లో ఉంది?

లెక్క ప్రకారమే జరిగింది ముందు. ఒక్కదాన్ని పోనని ప్రవళిక మొండికేసింది. అన్నం మానింది. మా జట్టును విడిచి పోనంటే పోనంది. రోజారాణి లోలోపల పొంగిపోయింది. కానీ ఆ ఇంగ్లీషు బడి తరఫున ఊర్లు తిరిగే మనిషి ఆమె కంటే ఎక్కువ తెలివిగలవాడు. నవ్వు మొహం, తెల్ల చొక్కా, చేతిలో రంగుల కాగితాలు. సంగతి విని ఆయన ఏ మాత్రం ఇబ్బంది పడలేదు. జట్టంటే అంత ప్రేమైతే జట్టంతా రండి అన్నాడు. అందరికీ ఫీజు తగ్గిస్తాం, వ్యాను ఊర్లోకే పంపుతాం, చిన్నోళ్లను కూడా తీసుకుంటాం. ఇన్నాళ్లు ఊగిసలాడుతున్న తల్లులందరికీ అది పండుగ కబురైంది. ఒకరిని చూసి ఒకరు, ఒక్క రోజులో ఊరంతా ఒప్పుకుంది. ఒక్కొక్కరుగా పోవాల్సిన పిల్లలు గంపగుత్తగా పోయేటట్టు అయింది. కంచె వేసిన మనిషే గొర్రెలన్నిటినీ ఒక్కచోటికి తోలిపెట్టినట్టయింది.

పిల్లలకు చిన్న పరీక్ష పెట్టారు. అందరూ పనికొచ్చారు, సృజన తప్ప. వయసుకు, చదువుకు పొంతన లేదు, ఏ తరగతిలో కూర్చోబెట్టమంటారు అని ఆ మనిషి నాగరాజును మర్యాదగానే అడిగాడు. నాగరాజు బిడ్డను సైకిలు మీద ఎక్కించుకుని ఇంటికి వచ్చేశాడు.

శుక్రవారం సాయంత్రం బడి విడిచాక మంత్రులు ఇంటికి పోలేదు. వేపచెట్టు కింద గుండ్రంగా కూర్చుని, మేడం నేర్పిన పద్ధతిలోనే, చెయ్యెత్తి వంతులవారీగా మాట్లాడుకున్నారు. తర్వాత అందరూ కలిసి ఆఫీసు గది ముందుకు వచ్చారు. సృజన కూడా ఉంది, ప్రవళిక పక్కన.

"మేడం, అందర్ని తీసుకుంటమన్నరు, సృజనను ఒద్దన్నరు" అంది ప్రవళిక. "ఒక్కలు రాకుంటె ఎవ్వలం రానట్టే గద. మరి మేం పోవాల్నా, వద్దా?"

రోజారాణికి సరైన జవాబు తెలుసు. అది ఆట బిడ్డా, మీ అవ్వ బాపు చెప్పినట్టు వినుండ్రి అనాలి. అట్లా అంటే అక్కడితో అయిపోయేది. పిల్లలు ఏడ్చేవాళ్లు, సృజన బాధపడేది, సోమవారం వ్యాను వచ్చి పోయేది. కానీ ఆ పిల్లల మొహాల్లో తను చెప్పిందే చెయ్యాలన్న నమ్మకం కనిపిస్తోంది. తను ఒక్క మాట అంటే బడి నిలుస్తుంది. మేకలు కనబడ్డాయో, తండ్రి కనబడ్డాడో ఆ క్షణంలో, ఆమెకే తెలియాలి.

"ఆటల ఎట్లనో గట్లనే బిడ్డా" అంది.

అనకూడని మాట. అన్నాక వెనక్కి తీసుకోలేదు కూడా. సృజన మొహం విప్పారింది. తన కోసం ఊరంతా ఆగిపోతుందని ఏ పిల్లకైనా ఎన్నిసార్లు తెలుస్తుంది? ఆ శని, ఆదివారాలు రోజారాణి ఇంట్లో పాట పాడుకుంటూ పని చేసుకుంది. జీతం పెరిగిందా అని సంపత్ అడిగాడు. ఆమె నవ్వి, ఇంకో చరణం అందుకుంది.

సోమవారం పొద్దున ఆమె బస్సు దిగి వచ్చేసరికి వ్యాను బడి ముందే ఆగి ఉంది. ఊర్లో తిప్పుకునేంత వెడల్పు ఉన్నది అక్కడే. కొత్త యూనిఫాంలు, మెడలో టైలు. పిల్లలందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో పాత గౌనుతో సృజన. ఎవరూ అరవడం లేదు, మాట్లాడటం లేదు. బాయి ఆటలో మాట్లాడకూడదు కదా.

తల్లులు ముందు బతిమాలారు. తర్వాత గుంజారు. ఒక చెయ్యి విడిపిస్తే ఇంకో చెయ్యి పట్టుకుంటున్నారు. నీళ్ల మంత్రి చొక్కా కొత్తది, భుజం దగ్గర చిరిగింది, వాళ్లమ్మ వీపు మీద చరిచింది. చిన్నోళ్లు ఏడుస్తున్నారు, అయినా చేతులు వదలడం లేదు. డ్రైవరు హారను కొట్టాడు. నాగరాజు పెండ్లాం వచ్చి, నీవల్లనే గిదంతా అని సృజన జుట్టు పట్టుకుంది. ఆ పిల్ల కదల్లేదు. ప్రవళిక రెండు చేతులతో దాని నడుము పట్టుకుంది. కొమురవ్వ వచ్చి మనవరాలి చెంప మీద కొట్టింది. ఒకటి కాదు. ఎన్నడూ కొట్టని ముసలమ్మ, కొడుతూ తనే ఏడుస్తోంది. ప్రవళిక పెదవి చిట్లి రక్తం వచ్చింది. చెయ్యి మాత్రం విడవలేదు.

రోజారాణి గేటు పట్టుకుని నిలబడిపోయింది. తను కోరుకున్నది కండ్ల ముందే జరుగుతోంది. పిల్లలు ఆమె చెప్పినట్టే చేస్తున్నారు, ఆమె చెప్పిన దాని కంటే గట్టిగా చేస్తున్నారు. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. రాయమల్లు బాయి దగ్గర కూర్చున్నది తన ఇష్టం కొద్దీ. తన కోసం ఇంకొకరిని దెబ్బలు తినమని ఆయన ఎన్నడూ అనలేదు.

కొమురవ్వ ఆమె వైపు తిరిగింది. గొంతు పెద్దగా చెయ్యలేదు.

"మేడం, నీ బడి కోసం మా పోరగాండ్లను కొట్టిపిస్తవా? నువ్వు చెప్తెనే ఇడుస్తరు. జర చెప్పు."

రోజారాణి పిల్లల దగ్గరికి నడిచింది. ఆమెను చూసి పిల్లలకు ధైర్యం వచ్చింది, ఒకరికొకరు ఇంకా దగ్గరకు జరిగారు. మేడం వచ్చింది, ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు అనుకున్నారు. ఆమె వంగి మొదట నీళ్ల మంత్రి చెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. వాడు అర్థం కాక చూశాడు, విడిచాడు. తర్వాత బువ్వ మంత్రి. తర్వాత తోట మంత్రి. ఆమె చేతులు తగిలినప్పుడు ఎవరూ పెనుగులాడలేదు. తల్లుల బలానికి లొంగని చేతులు ఆమె ముట్టుకుంటే చాలు విడిపోయాయి. విడిపోయిన వాళ్లను తల్లులు ఎత్తి వ్యానులో కూర్చోబెట్టారు.

చివరికి ప్రవళిక, సృజన మిగిలారు. రోజారాణి ప్రవళిక చెయ్యి మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల పెదవి మీద రక్తం ఎండుతోంది.

"మేం ఎక్కడ తప్పు జేసినం మేడం?" అని అడిగింది ప్రవళిక. "చెయ్యి ఇడువలే గద."

"తప్పు మీది కాదు బిడ్డా. ఇడువు" అంది రోజారాణి. ఆమే వేళ్లు విప్పింది. చిటికెన వేలు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది.

వ్యాను పోయింది. తల్లులు పోయారు, సృజన తల్లి కూడా, బిడ్డను తీసుకుపోవాలని ఎవరికీ తోచినట్టు లేదు. కొమురవ్వ వంట గదిలోకి పోయి కూర్చుంది కానీ పొయ్యి వెలిగించలేదు. ఎవరికి వండాలి? ఒక్క పిల్ల కోసం బడి నడపరు. దసరా సెలవుల లోపలే కాగితం వస్తుంది, తాళం వేసే చెయ్యి మేడందే అవుతుంది, నాగరాజు ఏదో ఒకరోజు పెట్టె సర్దుకుని మళ్లీ భివండి రైలు ఎక్కుతాడు. ఇవన్నీ రోజారాణికి అక్కడ నిలబడే తెలిసిపోయాయి. తెలియనిది ఒక్కటే, ఇప్పుడు ఈ పిల్లకు ఏం చెప్పాలి.

వాన తుంపర మొదలైంది. గేటు నుంచి వరండా దాకా బురద, నిన్నటి వానకు మోకాలిలోతు గుంత కూడా పడింది. ఆమె చెయ్యి చాపింది. "రా బిడ్డా" అంది.

సృజన ఆ చేతిని చూసింది. రెండు చేతులతో తన సంచి పట్టీలను గట్టిగా పట్టుకుంది.

"నాకు నడువొస్తది మేడం" అని, గుంత పక్కనుంచి ఒక్కతే నడుచుకుంటూ బడిలోకి పోయింది.